కామాఠీపుర: కట్టినవాళ్ళనే కాగితం అడిగిన ఊరు



మీలో చాలామంది ఇళ్ళలో అటకమీదో, మంచం కిందో ఒక పాత రేకుపెట్టె ఉండి ఉంటుంది. అందులో తాతగారి పేరున ఉన్న పన్ను రసీదులు, రంగు వెలిసిన రేషను కార్డు, ఎప్పటిదో అద్దె చీటీ. బళ్ళారిలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా, హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, పొరుగు భాషవాళ్ళ మధ్య నాలుగైదు తరాలుగా కాపురముంటున్న తెలుగు కుటుంబానికి ఆ పెట్టె విలువ వేరే చెప్పనక్కరలేదు. ఏ ఆఫీసులో ఏ గుమాస్తా "మీరెప్పుడొచ్చారు?" అని అడుగుతాడో తెలియదు కదా!

ఆ ప్రశ్నకు బొంబాయి నగరంలో నూట పాతికేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. పాత ఇళ్ళు పడగొట్టి కొత్తవి కడతామని ప్రభుత్వం పూనుకున్నప్పుడల్లా అక్కడ పోట్లాట జరిగింది. పోట్లాట మొదలయ్యేది ఇంటి గురించి. చివరికి తేలేది మాత్రం, ఆ ఇంట్లో ఉన్నవాడు ఈ నగరానికి చెందినవాడా, కాడా అన్న సంగతి. ఈనాటి ప్రసంగం దాని గురించే. 1995లో ఆ నగరం పేరు ముంబయి అయింది గాని, చెప్పేది పాత సంగతులు కనక నేను బొంబాయి అనే అంటాను.

మనవాళ్ళ పేరు మీద ఉన్న పేటతోనే మొదలుపెడదాం. అప్పటి బొంబాయి ఏడు దీవుల సమూహం. పోటు వచ్చినప్పుడల్లా వర్లీ దగ్గరి గండిలోంచి సముద్రం లోపలికి చొరబడి నడిమి పల్లమంతా ముంచేసేది. గవర్నరు విలియం హార్న్‌బీ కాలంలో ఆ గండికి అడ్డంగా కట్ట వేశారు. 1780ల నాటికి పూర్తయిన ఆ కట్టనే హార్న్‌బీ వెల్లార్డ్ అంటారు. సముద్రం ఆగింది, పల్లపు బురదనేల బయటపడింది. ఆ నేలను పూడ్చుకుంటూ, దానిమీదే గుడిసెలు వేసుకుంటూ, 18వ శతాబ్దం చివరి ఏళ్ళనుంచి స్థిరపడినవాళ్ళు నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాలనుంచి వచ్చిన కూలీలు. కామాటి అంటే మన భాషలో కూలిపని చేసేవాడని అర్థం. అక్కడి నోళ్ళలో అది కామాఠీ అయింది, పేట కామాఠీపుర అయింది. ఇది కులం పేరు కాదని గమనించండి, పని పేరు. తట్టా పారా పట్టుకుని వచ్చినవాడు ఏ కులంవాడైనా అక్కడ కామాఠీయే.

రాయి మోసినవాళ్ళలో కొందరు మేస్త్రీలయ్యారు, మేస్త్రీలలో కొందరు గుత్తేదార్లయ్యారు. జోతిరావు ఫూలే 1873లో సత్యశోధక సమాజం పెట్టినప్పుడు బొంబాయిలో ఆయన వెనక నిలిచినవాళ్ళలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు వంటి తెలుగు పెద్దలు ఉన్నారు. ఫూలే కూడా గుత్తలు చేసిన మనిషే. పనివాళ్ళ భాష ఆయనకు తెలుసు. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, కామాఠీపుర పేరు చెప్పగానే లోకం ఒక్క సంగతే తలచుకుని ముఖం తిప్పుకుంటుంది. అక్కడ బడులు, గుళ్ళు, సంఘాలు, చందాలు, సంస్కరణ సభలు అన్నీ ఉన్నాయి. ఒక పౌరసమాజానికి ఉండవలసినవన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ పేటను ఏం చెయ్యాలో నిర్ణయించే చోట పేటవాళ్ళకు కుర్చీ లేదు.

ఆ లోటు ఎంతటిదో ప్లేగు వచ్చినప్పుడు తెలిసింది. 1896 సెప్టెంబరులో మాండ్వీ పేటలో డాక్టర్ అకాసియో వీగాస్ తొలి ప్లేగు రోగిని గుర్తించాడు. కొద్ది నెలల్లో లక్షల జనం మూటలు నెత్తిన పెట్టుకుని ఊరు వదిలిపోయారు. 1897లో అంటువ్యాధుల చట్టం వచ్చింది. దాని బలంతో అధికారులు ఇళ్ళలోకి చొరబడి, రోగులను పట్టుకుపోయి, సామాన్లు తగలబెట్టి, వెలుతురు పడాలని పైకప్పు పెంకులు పీకించారు. కొన్ని ఇళ్ళ గోడలమీద యు.హెచ్.హెచ్. అని మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసేవారు. మనుషులు ఉండదగని ఇల్లు అని దానర్థం. ఆ ఇంట్లో అప్పటికి ఉంటున్న మనుషులకు ఆ మూడక్షరాలు చదవడం రాదు.

1898 మార్చి 9న రిప్పన్ రోడ్డు దగ్గర, అంటే కామాఠీపురకు కూతవేటు దూరంలో, జులాహా నేతగాళ్ళ ఇంట్లో జబ్బుపడిన ఒక పిల్లను చూడడానికి వెళ్ళిన ప్లేగు అధికారులను జనం అడ్డుకున్నారు. అది పెద్ద అల్లరిగా మారి కాల్పుల దాకా వెళ్ళింది. ఆ వెంటనే రేవు కూలీలు, బండివాళ్ళు పని మానేశారు. మూర్ఖపు జనం వైద్యాన్ని అడ్డుకున్నారని అప్పటి దొరలు రాసుకున్నారు. నాకు అలా తోచదు. ఇంటి గుమ్మం దాటేముందు ఇంటివాడిని అడగాలన్న మాట వాళ్ళు తమకు తెలిసిన పద్ధతిలో చెప్పారు. ఎనభై ఏడేళ్ళ తరువాత మన సుప్రీం కోర్టు ఇంచుమించు అదే మాట మంచి భాషలో చెప్పింది. అక్కడికి వస్తాను.

ఆ 1898లోనే బొంబాయి నగర ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పుట్టింది. చెడ్డ గాలివల్ల రోగం వస్తుంది, గాలి ఆడాలంటే ఇరుకు ఇళ్ళు పోవాలి, సముద్రంనుంచి గాలి వచ్చేలా వెడల్పు వీధులు తియ్యాలి అని ట్రస్టు ఆలోచన. ప్రిన్సెస్ వీధి, శాండ్‌హర్స్ట్ రోడ్డు అలా పుట్టినవే. ప్లేగును మోసేది గాలి కాదనీ, ఎలుకల ఒంటిని పట్టుకుని ఉండే చిన్న పురుగు అనీ పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు అదే 1898లో కనిపెట్టాడు. ఆ మాట అందరూ ఒప్పుకోవడానికి మరో పదేళ్ళు పట్టింది. ఈలోపు ఇళ్ళు పోయాయి.

ట్రస్టు చేపట్టిన మొదటి పథకం నాగ్‌పాడాలో, కామాఠీపుర పక్కనే. ఇక్కడ ఒక్క క్షణం ఆగి లెక్క చూడండి. ఇల్లు తీసుకున్నందుకు నష్టపరిహారం ఎవరికి? స్థలం యజమానికి. అందులో అద్దెకున్నవాడికి? వీధి. ట్రస్టు సభ్యులెవరు? ప్రభుత్వం వేసినవాళ్ళు, వర్తకసంఘం పంపినవాళ్ళు, మిల్లు యజమానులు పంపినవాళ్ళు, నగరపాలక సంస్థ ఎన్నుకున్న కొద్దిమంది. ఆ నగరపాలక సంస్థకు ఓటు వేసే అర్హత అయినా ఆస్తి ఉన్నవాళ్ళకూ, తగినంత పన్ను కట్టేవాళ్ళకే. గది అద్దెకు తీసుకుని అందులో ఎనిమిదిమంది పడుకునే కూలివాడి పేరు ఆ లెక్కల్లో ఎక్కడా లేదు. మొదటి ఏళ్ళలో ట్రస్టు కట్టినవాటికంటే పడగొట్టినవి ఎక్కువ. లేచిపోయినవాళ్ళు ఎక్కడికి పోతారు? పని దగ్గరే ఉండాలి కనక పక్క సందులోకి పోయారు. అక్కడ గదికి ఎనిమిదిమంది ఉంటే పదహారుమంది అయ్యారు. ఇరుకు తగ్గిద్దామని మొదలుపెట్టిన పని ఇరుకును ఒక వీధినుంచి మరో వీధికి జరిపింది.

ట్రస్టు చాళ్ళు కూడా కట్టింది, అది చెప్పకపోతే అన్యాయం. చాల్ అంటే మీకు తెలుసుగా, పొడుగు వసారా, వరసగా ఒంటిగదులు, చివర అందరికీ కలిపి కుళాయిలు, మరుగుదొడ్లు. పరేల్‌లోని అలాంటి ట్రస్టు చాల్‌లోనే డాక్టర్ అంబేద్కర్ 1912 నుంచి 1934 దాకా కాపురం ఉన్నారు.

1920లో గవర్నరు జార్జి లాయిడ్ బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్టుమెంటు పెట్టి, మిల్లు కార్మికులకు యాభైవేల గదులు కడతామన్నాడు. కట్టింది అందులో మూడోవంతు. వర్లీలో 121 చాళ్ళు, నాయగావ్‌లో 42, డిలైల్ రోడ్డులో 32, శివ్‌డీలో 12, మొత్తం 207. నేలమీద ఒకటి, పైన మూడు అంతస్తులు, చాల్‌కు 80 గదులు, గది 160 చదరపు అడుగులు. అద్దె కార్మికుడికి అందక, ఊరికి దూరమై చాలా గదులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నాయి. శాసనోల్లంఘన ఉద్యమ కాలంలో వర్లీ చాళ్ళను సత్యాగ్రహులకు తాత్కాలిక జైలుగా వాడుకున్నారు. కార్మికుడికి ఇల్లుగా పనికిరానిది ఖైదీకి కొట్టుగా పనికివచ్చిందన్నమాట! తరువాత అవి నిండాయి. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాలనుంచి మిల్లుల్లో నేతపనికి వచ్చిన మన పద్మశాలీలు వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. వాళ్ళ పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు బడులు నడిపింది.

స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే బొంబాయి అద్దెల నియంత్రణ చట్టం వచ్చింది. అద్దెను 1940 సెప్టెంబరునాటి మొత్తం దగ్గర ఆపేశారు. ఈ చట్టాన్ని తిట్టేవాళ్ళు చాలామంది. ఆ అద్దె రాబడితో యజమాని సున్నం కూడా వేయించలేడు, ఇళ్ళు పాడుబడ్డాయి, కూలాయి. అది నిజమే. చివరకు 1969లో ప్రభుత్వమే చట్టం చేసి, సెస్సు వసూలుచేసి మరమ్మతులు చేయించడానికి ఒక బోర్డు పెట్టవలసి వచ్చింది. అయినా ఆ చట్టం చేసిన మేలు ఒకటుంది. అద్దెరసీదు ఉన్నవాడిని వీధిలోకి నెట్టడం కష్టమైంది. అద్దెకున్నవాడు మొదటిసారి కాగితం మీద మనిషి అయ్యాడు. రేకుపెట్టెలోకి రసీదు చేరింది.

మరి రసీదు లేనివాడి గతి?

1981 జులై 13న, వానాకాలం నడిమధ్య, మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతూలే ఒక ప్రకటన చేశారు. బొంబాయి కాలిబాటల మీద ఉంటున్నవాళ్ళందరినీ ఖాళీ చేయించి వాళ్ళ వాళ్ళ సొంత ఊళ్ళకు పంపించేస్తామని. సుప్రీం కోర్టుకు వెళ్ళిన పిటిషన్లలో ఒకదానిలో సేలంనుంచి వచ్చిన ఒకాయన కథ ఉంది. సేలం వైపునుంచి వింటున్నవాళ్ళు ఇది జాగ్రత్తగా వినండి. ఆయన భూమిలేని కూలీ. కరువు వచ్చి పని పోతే 1961లో బొంబాయి వెళ్ళాడు. దహిసర్‌లో రసాయనాల కంపెనీలో రోజుకు 23 రూపాయల కూలి. రోడ్డు పక్కన ప్లాస్టిక్ గుడ్డ, కాన్వాసు కప్పిన గూడు కోసం పేటరౌడీ ఒకడికి 2,500 రూపాయలు ఇచ్చుకున్నాడు. కూలి లెక్కన చూస్తే అది వంద రోజుల కష్టం పైమాటే. భార్య, ముగ్గురు ఆడపిల్లలు. 1981 జులై 23న ఆ గూడు పీకేసి, కుటుంబాన్ని సేలం బస్సు ఎక్కించారు. ఇరవై ఏళ్ళు బొంబాయిలో పనిచేసిన మనిషికి సొంత ఊరు సేలం అని తేల్చింది ప్రభుత్వం. ఆయన ఏం చేశాడు? పని వెతుక్కుంటూ మళ్ళీ బొంబాయి వచ్చి, మళ్ళీ కాలిబాట మీదే చేరాడు.

పాత్రికేయురాలు ఓల్గా టెల్లిస్ పేరుమీద ప్రసిద్ధికెక్కిన కేసు ఇదే. ఇందులో చాలామంది పట్టించుకోని ఒక ముక్క ఉంది. నాకైతే తీర్పు మొత్తంలో అదే ముఖ్యం అనిపిస్తుంది. అంతకుముందు బొంబాయి హైకోర్టులో ఈ కాలిబాటవాసుల తరఫున, కాలిబాటమీద గుడిసె వేసుకోవడం మా ప్రాథమిక హక్కు అని మేము అనడంలేదు, అక్టోబరు 15 తరువాత తొలగిస్తే అడ్డుపడము అని ఒప్పుకున్నారు. సుప్రీం కోర్టులో అవతలి పక్షం ఆ మాట పట్టుకుంది. ఒప్పుకుని మళ్ళీ ఎలా అడుగుతారంది. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ నాయకత్వంలోని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దానికి ఒప్పుకోలేదు. రాజ్యాంగం ఇచ్చిన హక్కును వదులుకున్నానని ఎవడు చెప్పినా, ఆ మాటతో వాడి నోరు కట్టేయడానికి వీల్లేదంది. ఎందుకంటే ఆ హక్కు వాడొక్కడి మేలు కోసం ఇచ్చింది కాదు, సమాజమంతటి కోసం ఇచ్చింది.

1985 జులై 10న తీర్పు వచ్చింది. జీవించే హక్కులో బతుకుతెరువు హక్కు కూడా ఉందని 21వ అధికరణానికి కోర్టు అర్థం చెప్పింది. ఇది అందరూ చెప్పుకునే భాగం. చెప్పుకోని భాగం కూడా విందాం. కాలిబాట నడిచేవాళ్ళ కోసం, దానిమీద కాపురముండే హక్కు ఎవరికీ లేదు, నగరపాలక సంస్థ తొలగించవచ్చు అని కూడా అదే తీర్పు చెప్పింది. అయితే ముందు నోటీసు ఇచ్చి వాళ్ళ మాట వినాలి. 1976లో లెక్కించిన జనానికి వేరేచోటు చూపాలి. వానలు వెళ్ళేదాకా, అక్టోబరు 31 వరకు, ఎవరినీ కదపకూడదు. గెలుపా, ఓటమా అంటే నేను చెప్పలేను. 1898లో రిప్పన్ రోడ్డు జనం అరిచి అడిగింది, అంటే గుమ్మం దాటేముందు మమ్మల్ని అడగండి అన్నది, ఇప్పుడు చట్టమైంది. ఇల్లు మాత్రం నిలవలేదు.

1976లో లెక్కించడమేమిటంటే, ఆ ఏడాది జనవరిలో ప్రభుత్వం గుడిసెవాళ్ళ జనాభా లెక్క తీసి, కుటుంబాలకు ఫొటో ఉన్న గుర్తింపు కాగితాలు ఇచ్చింది. రేకుపెట్టెలోకి మరో కాగితం చేరింది. ఆ రోజున ఊరికెళ్ళినవాడు, పనికెళ్ళినవాడు లెక్కలో లేడు.

అదే 1976లో మే 17న ఎమర్జెన్సీ అండతో ట్రాంబేలోని జనతా కాలనీని నేలమట్టం చేశారు. డెబ్భైవేల మంది వరకు ఉన్న పేట అది. ఆ పేట తరఫున కోర్టులకూ ఢిల్లీకీ తిరిగిన జోకిన్ అర్పుతం మన కోలారు బంగారు గనుల ఊళ్ళో పుట్టినవాడు. 1963లో బొంబాయి వెళ్ళి కొంతకాలం వీధుల్లోనే పడుకున్నాడు. నగరపాలక సంస్థ చెత్త ఎత్తడం లేదని, పేట పిల్లలచేత తలా ఓ కాగితం పొట్లంలో చెత్త మోయించి ఆఫీసు ముందు పోయించాడు. చెత్త ఆ రోజే ఎత్తారట! కాలనీని మాత్రం కాపాడలేకపోయాడు. జనాన్ని చీతా క్యాంపుకు తరలించారు. కానీ అప్పటికే, 1974లో, ఆయన మురికివాడల జనానికి ఒక జాతీయ సమాఖ్య నిలబెట్టాడు. 2000 సంవత్సరంలో రామన్ మెగసెసే బహుమతి వచ్చింది. 2018లో కన్నుమూశాడు. కోలారు వైపు శ్రోతలకు ఆయన పేరు తెలియకపోతే అది మన లోటు.

ఇక కామాఠీపుర దగ్గరికి తిరిగివద్దాం. కామాఠీపుర, నాగ్‌పాడా, బైకుల్లా కలిసినది నగరంలో ఈ వార్డు. 1985లో, తీర్పు వచ్చిన ఆ ఏడే, స్పార్క్ అనే సంస్థ ఆ వార్డు కాలిబాటల మీద ఉన్న సుమారు ఆరువేల కుటుంబాల లెక్క తీసింది. ఆ నివేదికకు "కంటికి కనిపించని మేము" అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఏ ఊరు, ఎన్నాళ్ళయింది, ఏం పని, కూలి ఎంత అన్నీ అడిగి రాశారు. సర్కారు లెక్క వేయకపోతే మన లెక్క మనమే రాసుకుందాం అన్న తెలివి అక్కడ పుట్టింది. మరుసటి ఏడు ఆ కాలిబాటల ఆడవాళ్ళే మహిళా మిలన్ పేరున సంఘం కట్టి రోజుకో రూపాయి, అర్ధరూపాయి దాచుకోవడం, ఇంటి నమూనాలు తామే గీసుకోవడం మొదలుపెట్టారు.

1995 డిసెంబరులో మురికివాడల పునరావాసానికి ప్రత్యేక ప్రాధికార సంస్థ వచ్చింది. బిల్డరు గుడిసెలవాళ్ళకు ఉచితంగా ఇళ్ళు కట్టివ్వాలి, మిగిలిన జాగాలో అమ్ముకునే ఇళ్ళు కట్టుకోవాలి, ఇదీ ఏర్పాటు. ఇల్లు ఎవరికి అన్న దగ్గర మళ్ళీ పాత ప్రశ్నే. 1985 జనవరి 1కి ముందు వచ్చినవాళ్ళకు అన్నారు, తరువాత 1995 జనవరి 1 అన్నారు, ఆ తరువాత 2000 జనవరి 1 అన్నారు. 2011 జనవరి 1 దాకా వచ్చినవాళ్ళు డబ్బు కట్టి తీసుకోవచ్చన్నారు. ఎన్నికలు దగ్గరపడినప్పుడల్లా ఈ తేదీ కదలడం బొంబాయివాళ్ళకు అలవాటే. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న రెండు కుటుంబాల్లో, డిసెంబరులో వచ్చినవాళ్ళకు ఇల్లు, ఫిబ్రవరిలో వచ్చినవాళ్ళకు వీధి. అంతవరకూ బిల్డరుతోనో సర్కారుతోనో కలిసి పోట్లాడినవాళ్ళు ఆ తేదీ దగ్గర విడిపోయారు.

వర్లీ చాళ్ళ పునర్నిర్మాణానికి 2017లో శంకుస్థాపన జరిగింది. 160 అడుగుల గదికి బదులు 500 అడుగుల ఇల్లు. ఎవరైనా ఎగిరి గంతేస్తారనుకుంటాం. కానీ నాయగావ్, డిలైల్ రోడ్డు చాళ్ళవాళ్ళు కొందరు సర్వేనే అడ్డుకున్నారు. ముందు ఒప్పందం రిజిస్టరు చేసి మా చేతికివ్వండి, తరువాతే గది ఖాళీ చేస్తాం అన్నారు. వందేళ్ళుగా జనాన్ని కాగితం అడిగింది సర్కారు. ఇప్పుడు జనమే సర్కారును కాగితం అడిగారు! ఆ పేచీలవల్ల ఏళ్ళు గడిచాయి, అది నిజం. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి విడతగా 556 కుటుంబాలకు తాళాలు అందాయి.

ఇప్పుడు వంతు కామాఠీపురది. ఆ సందుల్లోని సెస్సు భవనాలన్నీ కలిపి ఒక్కటిగా పునర్నిర్మించే పనిని ప్రభుత్వం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు అప్పగించింది. రసీదు ఉన్న అద్దెదారుకు 500 అడుగుల ఇల్లు ఇస్తామని మాట. కింది అంతస్తులో దుకాణమున్న తెలుగు ఇంటాయనకు రసీదు ఉంటుంది, ఆయన ముత్తాత ఆ నేల పూడ్చినవాడే అయి ఉండవచ్చు. మెట్లెక్కి పైకి వెళితే, ఒక గదిని చెక్కలతో నాలుగు ముక్కలు చేసి, మంచానికింతని రోజు అద్దె కడుతున్న ఆడవాళ్ళుంటారు. ఆ అద్దె కట్టేది గది పెత్తనం చేసేవాళ్ళకు. రసీదు మరెవరి పేరుమీదో. పక్కగదిలో వంతులవారీగా పడుకునే కూలీలు, సంచులు కుట్టే కుర్రవాళ్ళు. వాళ్ళ రేకుపెట్టెల్లో ఏముంటుంది? కొందరికి ఆధార్ కార్డు మీద ఊరిపేరు వేరు. కొందరికి పెట్టే లేదు.

మీ ఊరినుంచి, మీ చుట్టాల్లోంచి ఎవరైనా ఆ పేటలోనో, వర్లీ చాళ్ళలోనో, ధారావిలోనో ఉంటే ఈ పండక్కి వచ్చినప్పుడు ఒక్కమాట అడగండి. సర్వేవాళ్ళు వచ్చారా, వచ్చిననాడు ఇంట్లో ఎవరున్నారు, జాబితాలో ఎవరి పేరు రాసుకున్నారు, రాసుకున్నదాని నకలు చేతికిచ్చారా అని. ఇవ్వకపోతే అడిగి తీసుకోమనండి. గడువు తేదీ దాటకముందే ఆక్షేపణ రాసిచ్చి, చేరినట్టు ముద్ర వేయించుకోమనండి. సర్వే చేసేవాళ్ళు ఎన్ని మెట్లు ఎక్కుతారో, ఏ తలుపు దగ్గర ఆగిపోతారో మనకు తెలియదు.